ఫైలు పేరు, ఫైలు జాడ: యూనిక్సు దారి పద్ధతిపై ఒక విమర్శ

కంప్యూటరును గూర్చి తొలి పాఠము చెప్పునపుడు ఉపాధ్యాయులలో పెక్కుమంది నల్లబల్లపై ఒక బొమ్మ వేయుదురు. ఒక బీరువా, అందులో కొన్ని అట్టలు, అట్టలలో కాగితములు. బీరువా డిస్కు, అట్ట ఫోల్డరు, కాగితము ఫైలు. పిల్లలకు వెంటనే బోధపడును. "ఫైలు లక్షణములను వ్రాయుము" అని పరీక్షలో వచ్చినచో పేరు, పరిమాణము, తేదీ అని వ్రాసి మార్కులు తెచ్చుకొందురు. బొమ్మ సులభమైనదే. కాని యూనిక్సు విషయములోను, దాని అడుగుజాడలలో వచ్చిన లినక్సు విషయములోను అది నిజము కాదు. ఆ వ్యవస్థలలో ఫోల్డరు లోపల ఫైలు ఉండదు. ఫైలు లోపల దాని పేరు ఉండదు. మన చేతులలోని ఆండ్రాయిడు ఫోనులన్నిటి అడుగున పనిచేయుచున్నది లినక్సు కెర్నెలే కనుక, ఇది ఎక్కడనో దూరపు ప్రయోగశాలకు సంబంధించిన ముచ్చట యని తోసివేయుటకు వీలు లేదు.

కెర్నెలు అనగా ఆపరేటింగ్ సిస్టమునకు గర్భము వంటిది. డిస్కును, ప్రాసెసరును, జ్ఞాపకశక్తిని తన అదుపులో ఉంచుకొని, ప్రోగ్రాములు అడిగినవానిని అనుమతి చూచి ఇచ్చునది అదియే. ప్రోగ్రాములు దానిని తరచుగా అడుగు ప్రశ్నలలో ఒకటి ఇది: "ఈ దారిపేరు గల ఫైలు పరిమాణమెంత? యజమాని ఎవరు? ఎప్పుడు మారినది?" ఈ ప్రశ్నకు యూనిక్సులో స్టాట్ అని పేరు. దారిపేరు చేతికిచ్చి వివరములు అడుగు ఈ పద్ధతి ఎంత గొప్పదో, ఎచ్చట లోపభూయిష్ఠమో ఈ వ్యాసములో పరిశీలింతము.

ముందు గొప్పతనము. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో 1969లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ మొదలగువారు యూనిక్సును ఆరంభించిరి. 1974 జూలైలో ఆ ఇద్దరును ప్రకటించిన వ్యాసము దానిని లోకమునకు పరిచయము చేసినది. అందలి ఫైళ్ళ ఏర్పాటును మన పాఠశాలతో పోల్చి చెప్పవచ్చును. బడిలో రెండు పుస్తకములుండును. ఒకటి ప్రవేశపు రిజిస్టరు: అందు ప్రతి విద్యార్థికి ఒక సంఖ్య, ఆ సంఖ్యకు ఎదురుగా పుట్టిన తేది, తండ్రి పేరు, చేరిన దినము ఉండును. రెండవది తరగతి హాజరుపట్టీ: అందు పేరు, పక్కన ప్రవేశసంఖ్య మాత్రమే ఉండును. యూనిక్సులో డైరెక్టరీ యనునది హాజరుపట్టీ. ఒక్కొక్క వరుసలో ఒక పేరు, ఒక సంఖ్య. పాత యూనిక్సులో ఆ వరుస సరిగా 16 బైట్లు: సంఖ్యకు 2, పేరుకు 14. ఆ సంఖ్యను పట్టుకొని పోయినచో దొరకునదే ఐనోడు. ఫైలు రకము, యజమాని, అనుమతులు, పరిమాణము, కాలములు, ఫైలు లోని విషయము డిస్కుపై ఎచ్చటెచ్చట ఉన్నదో తెలుపు చిరునామాలు అన్నియు ఐనోడులో ఉండును. లేనిది ఒక్కటే: పేరు.

విద్యార్థి వివరముల పుటలో పేరు లేకపోవుట వింతగా తోచవచ్చును. ఆ వింతలోనే ఈ ఏర్పాటు బలమంతయు కలదు. ఒకే సంఖ్యను రెండు హాజరుపట్టీలలో రెండు పేర్లతో వ్రాసికొనవచ్చును. అప్పుడు ఒకే ఫైలుకు రెండు పేర్లు ఏర్పడును. వానిలో ఇది అసలు, ఇది నకలు అను భేదము లేదు; రెండును సమానమే. ఎన్ని పేర్లు ఉన్నవో ఐనోడులో ఒక లెక్క ఉండును. పేరు కొట్టివేసినపుడు ఆ లెక్క ఒకటి తగ్గును. లెక్క సున్నయై, ఆ ఫైలును ఏ ప్రోగ్రామును తెరచి పట్టుకొనియుండనపుడు మాత్రమే ఫైలు నిజముగా పోవును. కనుకనే యూనిక్సులో ఫైలును తుడిచివేయుమను ఆజ్ఞకు "అన్‌లింక్", అనగా లంకె విప్పుట, అని పేరు పెట్టినారు. ఇంత నిజాయితీగల పేరు ఈ శాస్త్రములో అరుదు.

ఇక కెర్నెలు దారిని ఎట్లు నడచునో చూతము. "/ఇల్లు/సీత/పాఠములు/గణితము" అని అడిగినామనుకొందము. మొదటి గీత మూల డైరెక్టరీని తెలుపును. దాని సంఖ్య కెర్నెలుకు ముందే తెలియును. నేటి లినక్సులో సామాన్యముగా వాడు ఎక్స్ట్ వర్గపు ఫైలు వ్యవస్థలలో అది 2. ఆ పట్టీలో "ఇల్లు" అను వరుసను వెదకి, సంఖ్య గ్రహించి, ఆ ఐనోడును తెచ్చి, అది డైరెక్టరీయే అగునా, అందులో వెదకుటకు ఈ ప్రోగ్రామునకు అనుమతి కలదా యని చూచి, అప్పుడు దాని పట్టీలో "సీత"ను వెదకును. ఇట్లు చివరివరకు. ప్రతి మెట్టులోను పట్టీకి ఒకటి, ఐనోడుకు ఒకటి చొప్పున, పట్టీ చిన్నదైనను, రెండేసి పర్యాయములు డిస్కును తాకవలెను. నాలుగు మాటల దారికి ఎనిమిది. డిస్కులు మెల్లగా తిరుగు ఆ దినములలో ఇది చిన్న వ్యయము కాదు. ఈ పనిచేయు భాగమును యూనిక్సులో "నేమ్‌ఐ" అనిరి: పేరునుండి ఐనోడునకు అని భావము. ఆస్ట్రేలియాలో జాన్ లయన్స్ అను ఆచార్యుడు తన విద్యార్థులకై 1970ల నడుమ వ్రాసిన యూనిక్సు వ్యాఖ్యానములో దీనిని వరుసవరుసగా విప్పి చూపినాడు. కార్యక్రమ పాఠమును కావ్యమువలె వ్యాఖ్యానముతో చదువుట మన సంప్రదాయమునకు కొత్త కాదు. కంప్యూటరు విద్యలో మాత్రము అది మిక్కిలి అరుదైన మేలు.

దారిలో అడ్డంకులును కలవు. నడుమ ఒక చోట మరియొక డిస్కు అతికియుండవచ్చును. అప్పుడు ఒక పట్టీనుండి వేరొక లోకములోనికి అడుగు వేయవలెను. 1983 నాటి బర్క్‌లీ యూనిక్సు 4.2తో సంకేతపు లంకెలు వచ్చినవి. అట్టి లంకె ఒక చీటీ వంటిది: "నేను కాదు, అక్కడికి పొమ్ము" అని మరియొక దారి దానిపై వ్రాసియుండును. చీటీ చీటీని చూపి, అది మొదటిదానినే చూపినచో కెర్నెలు ఎన్నటికిని తిరుగుచునే ఉండును. కనుక లినక్సు ఒక్క నడకలో 40 చీటీల వరకే ఓర్చుకొని, ఆపై తప్పని చెప్పి ఆగిపోవును.

వ్యయము తగ్గించుటకు కనిపెట్టిన ఉపాయము జ్ఞాపకపు పట్టీ. ఒకసారి నడచిన మెట్లను కెర్నెలు గుర్తుంచుకొనును. 1986 నాటి బర్క్‌లీ 4.3 నాటికే ఇది ఉన్నది. లినక్సులో దీనిని డెంట్రీల కాష్ అందురు. అందలి ఒక చమత్కారమును విద్యార్థులు గమనింపవలెను: ఉన్న పేర్లనే కాదు, "ఈ పేరు గలది ఇచ్చట లేదు" అను సంగతిని కూడ అది గుర్తుంచుకొనును. ప్రోగ్రాములు లేని ఫైళ్ళను వెదకుట మనము ఊహించుదానికంటె ఎక్కువ. లేనిదానికై మాటిమాటికి డిస్కు దాకా పోకుండుట గొప్ప పొదుపు.

ప్రాసెసర్ల సంఖ్య పెరిగినకొలది మరియొక చిక్కు పుట్టినది. ప్రతి నడకలోను ఒక్కొక్క డైరెక్టరీ చెంత "నేను ఇచ్చట ఉన్నాను" అని లెక్క పెంచి, దాటినపుడు తగ్గింపవలసియుండెను. అందరును మూలపు గుమ్మము దాటవలసినవారే. గుమ్మము వద్ద లెక్కపుస్తకము ఒక్కటే. డజన్లకొలది ప్రాసెసర్లు ఆ ఒక్క పుస్తకమునకై పెనుగులాడెడివి. 2011 మార్చిలో వెలువడిన లినక్సు 2.6.38లో నిక్ పిగ్గిన్ ఈ చిక్కును విప్పినాడు. ఆయన పద్ధతిలో నడచువాడు ఏమియు వ్రాయడు, చదువుచు పోవును. ప్రతి పట్టీకి ఒక సవరణసంఖ్య ఉండును. చదువుటకు ముందు ఆ సంఖ్యను చూచి, చదివిన పిమ్మట మరల చూచును. రెండును ఒకటే యైనచో చదివినది నమ్మదగినది. మారినచో ఎవరో నడుమ పట్టీని దిద్దినారన్నమాట. అప్పుడు చదివినదానిని విడిచి, పాతపద్ధతిలో మెల్లగా నడచును. దిద్దుట అరుదు, చదువుట కోట్లకొలది గనుక లాభము చాల ఎక్కువ. కెర్నెలు నిర్మాణములో ఇంత సొగసైన భాగములు తక్కువ యని నా అభిప్రాయము.

ఇంతవరకు ప్రశంస. ఇక దోషము.

పైన చెప్పిన సవరణసంఖ్య సంగతి మరల తలచుకొనుడు. నడక జరుగుచుండగా దారి మారునేమో యని కెర్నెలు తన లోపల అంత జాగ్రత్త పడుచున్నది. మరి ప్రోగ్రాము సంగతి ఏమి? అది దారిపేరు చెప్పి వివరములు అడుగును, జవాబు వచ్చును. తరువాత అదే దారిపేరు చెప్పి ఫైలును తెరువుమని అడుగును. కెర్నెలు మరల మొదటినుండి నడచును. ఈ రెండు నడకలు ఒకే ఫైలు వద్దకు చేరునని పూచీ ఎవరిది? ఎవరిదియు కాదు. హాజరుపట్టీలో పన్నెండవ వరుస ఎవరిదని అడిగి తెలిసికొని, బహుమతి ఇచ్చువేళకు "పన్నెండవ వరుసవాడు రమ్ము" అని పిలిచితిమి. నడుమ ఎవడో ఆ వరుసలో తన సంఖ్య వ్రాసినాడు. బహుమతి వానికే పోవును.

ఇది ఊహించి చెప్పిన ఆపద కాదు. విశేషాధికారముతో నడచు ప్రోగ్రాములు, సామాన్యుడు చెప్పిన ఫైలుపై వానికి అనుమతి కలదా యని ముందు పేరుతో అడిగి, పిదప పేరుతోనే తెరచెడివి. అందరికిని వ్రాయు అనుమతి గల తాత్కాలిక డైరెక్టరీలో ఆ రెండు అడుగుల నడుమ పేరును తీసివేసి, సంకేతముల రహస్యపట్టీని చూపు చీటీ నొకదానిని అచ్చట ఉంచినచో, ప్రోగ్రాము తన అధికారముతో దానినే తెరచి వ్రాయును. 1996లో మాట్ బిషప్, మైకేల్ డిల్గర్ ఇట్టి లోపములను ప్రోగ్రాము పాఠములో వెదకి పట్టు మార్గమును వివరించుచు ఒక పరిశోధనా వ్యాసము ప్రకటించిరి. అడిగిన క్షణము వేరు, వాడిన క్షణము వేరు. ఆపదకు చోటు ఆ నడుమనే.

దీనికి ప్రోగ్రాము వ్రాసినవారి అజాగ్రత్తను మాత్రమే నిందించుట వాడుక. నేను అంగీకరింపను. వివరములు అడుగుటకు పేరు, అనుమతి మార్చుటకు పేరు, యజమానిని మార్చుటకు పేరు, తుడుచుటకు పేరు: ఇట్లు ప్రతి పనికిని పేరునే అందించిన వ్యవస్థ, వానిని పొరపాటులోనికి నడిపినది. విచిత్రమేమనగా సరియైన మార్గము తొలినాళ్ళనుండి పక్కనే ఉన్నది. ముందు ఫైలును తెరచి పట్టుకొని, పట్టుకొన్నదానిని గూర్చియే వివరములు అడుగు ఎఫ్‌స్టాట్ 1971 నాటి మొదటి కరదీపికలోనే కలదు. వస్తువు చేతిలో ఉండగా పేరు ఏమైనను మనకు భయము లేదు. కాని దీనిని వాడవలెనన్నచో ముందు తెరువవలెను. చదువు అనుమతి లేని ఫైలును తెరువలేము. కొన్ని యంత్రపు ఫైళ్ళను తెరచుటయే ఒక చర్య. టేపు నొకదానిని తెరచి మూసినంత మాత్రాన అది వెనుకకు చుట్టుకొనవచ్చును. కనుక ఊరక పట్టుకొనుటకు, అనగా చదువక, వ్రాయక, ఇది ఇదియే యని వేలు పెట్టి ఉంచుటకు, మార్గము లేకపోయెను.

ఆ మార్గము లినక్సులో వచ్చినది 2011లో, 2.6.39తో, దాని పేరు ఓ-పాత్. పట్టుకొనిన డైరెక్టరీనుండి నడక ఆరంభించు ఓపెన్‌ఎట్ వర్గపు పిలుపులు 2006లో 2.6.16తో వచ్చినవి. "నేను చూపిన డైరెక్టరీని దాటి బయటికి పోవలదు" అని చెప్పు వీలు కలిగించిన ఓపెన్‌ఎట్2, 2020లో 5.6తో గాని రాలేదు. ఎఫ్‌స్టాట్ పుట్టినది మొదలు లెక్కించిన దాదాపు అర్ధశతాబ్దము. సొగసైన నిర్మాణములో తొలి అలవాటు ఎంత గట్టిగా నాటుకొనునో ఈ తేదీలు చెప్పుచున్నవి.

కెర్నెలు లోపలనే కూర్చుండి ప్రోగ్రాము వ్రాయువారు ఇంకొక భ్రమలో పడుదురు. తాము ఇంటివారము గనుక దారిపేరు చెప్పినచో వివరములు సూటిగా దొరకునని వారి తలంపు. దొరకును, నిజమే. కెర్న్-పాత్ అను పిలుపుతో దారి నడచి, వీఎఫ్ఎస్-గెట్‌అట్ర్ అను పిలుపుతో వివరములు గ్రహించి, పట్టుకొన్నదానిని తిరిగి విడువవలెను. విడుచుట మరచినచో ఆ డిస్కును వేరుచేయబోవునపుడు "వాడుకలో ఉన్నది" అని వ్యవస్థ మొండికేయును. ఐనోడులోని అంకెలను నేరుగా చూచికొనుట కూడదు. ఫైలు వేరొక ఊరిలోని యంత్రముపై నుండి వలద్వారా వచ్చుచున్నదైనచో చేతిలోని అంకె పాతదై ఉండవచ్చును, కావున ఆ ఫైలు వ్యవస్థనే అడుగవలెను. ఒకప్పుడు కొందరు, ప్రోగ్రాములకై ఉన్న పిలుపునే లోపలినుండి పిలిచి, "ఈ చిరునామా కూడ ప్రోగ్రాముదే అనుకొనుము" అని కెర్నెలును కొంతసేపు మభ్యపెట్టెడి సెట్-ఎఫ్ఎస్ అను ఉపాయము వాడిరి. మభ్యపెట్టి, తిరిగి సరిచేయుట మరచినచో రక్షణగోడ తెరచియే ఉండును. ఇంటెల్ వర్గపు యంత్రములపై దీనిని 2020లో 5.10తో తీసివేసిరి. మంచిపని, ఆలస్యముగా జరిగినది.

ఐనను అసలు చిక్కు అది కాదు. దారిపేరు ఎవరిది? యూనిక్సులో ప్రతి ప్రోగ్రామునకు తన మూలము, తాను నిలిచిన చోటు వేరు వేరుగా ఉండును. 1979 నాటి ఏడవ యూనిక్సులోనే ఒక ప్రోగ్రామునకు మూలమును మార్చి చూపు పిలుపు ఉన్నది. 2002లో లినక్సు 2.4.19తో, ఏ డిస్కు ఎచ్చట అతికియున్నదను సంగతియే ప్రోగ్రామునకొక తీరుగా ఉండుటకు వీలు కలిగినది. కాబట్టి ఒకే దారిపేరు ఇద్దరికి రెండు ఫైళ్ళను చూపవచ్చును. కెర్నెలు లోపల, ఏ ప్రోగ్రాము తరఫునను కాక తనంత తాను నడచు పనికి "/ఇల్లు/సీత" అనునది ఏ ఇల్లు? ఏ సీత? "బావికి ఎడమప్రక్క ఇల్లు" అని చెప్పినచో నీవు ఎటు తిరిగి నిలిచినావో ముందు తెలియవలెను గదా. కెర్నెలు లోపలినుండి ఫైళ్ళను పేరుతో వెదకి చదువవలదని 2005లో గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ ఒక పత్రికా వ్యాసములో వాదించినాడు. ఆయన మాట నాకు సమ్మతము. పేరును అర్థము చేసికొను బాధ్యత బయటి ప్రోగ్రామునకు వదలి, పట్టుకొన్న వస్తువునే లోపలికి అందించుట న్యాయము.

పేర్ల మాట వచ్చినది గనుక తెలుగు పేర్లను గూర్చి రెండు మాటలు. కెర్నెలుకు అక్షరములు తెలియవు, బైట్లే తెలియును. నేడు మనము వాడు యూటీఎఫ్-8 పద్ధతిని 1992లో రూపొందించినవారిలో ముఖ్యుడు, యూనిక్సు పుట్టించిన ఆ కెన్ థాంప్సనే. తోడు రాబ్ పైక్. అందు తెలుగు సంకేతము ఒక్కొక్కటికి 3 బైట్లు. "తెలుగు" అను మాటకు గుణింతపు గుర్తులతో 6 సంకేతములు, 18 బైట్లు. పాత యూనిక్సు డైరెక్టరీ వరుసలో పేరుకు 14 బైట్లే గనుక, మన భాష పేరు అందులో పట్టెడిదే కాదు! నేటి లినక్సులో పేరుకు 255 బైట్లు. 85 తెలుగు సంకేతములు పట్టును. ఇది చాలును.

చాలనిది వేరొకటి. "వైద్యము" అని వ్రాయుడు. అందలి ఐత్వమును యూనికోడులో ఒకే సంకేతముగా వ్రాయవచ్చును. ఎత్వము, దాని క్రింది గుర్తు అని రెండుగా విడదీసియు వ్రాయవచ్చును. కంటికి రెండును ఒకటే. మొదటిదానికి 21 బైట్లు, రెండవదానికి 24. లినక్సు ఒకే డైరెక్టరీలో ఈ రెండు పేర్లను రెండు ఫైళ్ళకు ఇచ్చును; ఒకదానిని అడిగినచో రెండవదానిని చూపదు. ఆపిల్ సంస్థవారి పాత హెచ్.ఎఫ్.ఎస్. ప్లస్ వంటి వ్యవస్థలు పేర్లను విడదీసి భద్రపరచెడివి గనుక, అచ్చటినుండి తెచ్చిన ఫైళ్ళలో ఈ చిక్కు ఎదురగుటకు వీలున్నది. కెర్నెలుకు అక్షరజ్ఞానము నేర్పవలెనని కొందరందురు. 2019లో 5.2తో ఎక్స్ట్-4కు అట్టి ఏర్పాటును, కోరినవారికి మాత్రమే, చేర్చిరి. ప్రపంచపు లిపులన్నిటి సంధినియమములను ప్రతి మెట్టులోను విచారించుట కెర్నెలు పని కాదనియు, పేరు పెట్టు ప్రోగ్రామే దానిని ఒక రూపమునకు తెచ్చుట మేలనియు నా మతము. తెలుగు సంపాదకములు, ఫైలు నిర్వాహకములు చేయువారు దీనిని పట్టించుకొనవలెను.

వివరముల జవాబులోను ఒక పాత తప్పు ఉండెను. స్టాట్ మూడు కాలములను ఇచ్చును: చివర చదివినది, విషయము మారినది, ఐనోడు మారినది. మూడవదానిని సీ-టైమ్ అందురు. ఆ "సీ"ని చూచి ఇది సృష్టికాలమని పెక్కు చోట్ల వ్రాయుదురు. విద్యార్థులు అట్లే కంఠస్థము చేయుదురు. అది తప్పు. నిజమైన జన్మకాలమును అడుగుటకు లినక్సులో స్టాట్ఎక్స్ అను పిలుపు 2017లో 4.11తో వచ్చినది. దానిలో మెచ్చదగినది వేరొకటి: అడుగువాడు తనకేమేమి కావలెనో చెప్పును, కెర్నెలు జవాబుతో పాటు, వీనిలో ఏవి ఇచ్చితినో, ఏవి ఇయ్యలేదో గుర్తు పెట్టును. పాత స్టాట్ తెలియనిచోట కూడ ఏదో ఒక అంకె వేసి ఊరకుండెడిది.

లినక్సు ఉన్న యంత్రము బడిలో ఉన్నచో ఉపాధ్యాయులు దీనిని పది నిమిషములలో చూపవచ్చును. ఒక చిన్న ఫైలు వ్రాసి, "స్టాట్" ఆజ్ఞతో ఐనోడు సంఖ్యను, లంకెల లెక్కను, కాలములను పలకపై వ్రాయింపుడు. "ఎల్ఎన్" ఆజ్ఞతో దానికి వేరొక డైరెక్టరీలో రెండవ పేరు పెట్టుడు. రెండు పేర్లతోను స్టాట్ అడుగుడు: సంఖ్య ఒకటే, లెక్క 2. పిదప మొదటి పేరును తుడిచివేసి, రెండవ పేరుతో మరల అడుగుడు. లెక్క 1. విషయము మారిన కాలము ముందున్నట్లే యుండును. పలకపై వ్రాసిన సీ-టైమ్ మాత్రము మారియుండును.